వేట లేని రోజుల కాపలా

ఎనిమిదీ రెండు. తెర మీద నలభై ఒక్క పేర్లున్నాయి, ముప్ఫై ఎనిమిది పచ్చగా ఉన్నాయి, మూడు బూడిద రంగులో ఉన్నాయి, ఆ మూడూ మావాళ్లవే. మా అయ్య అసిరయ్య బోటు, దాని కింద అమ్మ తమ్ముడు ఎల్లాజీ మావయ్య బోటు, దాని కింద చిన్నాన్న లక్ష్ముడి బోటు. శ్రీకాకుళంలో మా మత్స్యకారుల సహాయ కేంద్రంలో ఆదివారం పూట నేనొక్కదాన్నే ఉన్నాను, ఏసీ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నిన్న అర్ధరాత్రితో అరవై ఒక్క రోజుల వేట నిషేధం తీరిపోయింది, మా పేట బోట్లన్నీ ఒక్కసారే నీళ్లలోకి దిగాయి. ప్రతి బోటు మీదా కొబ్బరికాయంత పెట్టె ఒకటుంటుంది, అది పావుగంటకోసారి నేనున్నాను, ఫలానా చోట ఉన్నాను అని ఆకాశం మీదుగా మాకు కబురు పంపుతుంది, కబురు అందితే ఇక్కడ పేరు పచ్చబడుతుంది, గంటసేపు అందకపోతే బూడిదవుతుంది. బూడిద అంటే పోయారని కాదు. ఆ రంగు పెట్టింది నేనే, ఎరుపైతే చూసినవాళ్లు హడలిపోతారని, నలుపైతే అసలు చూడలేమని, ఏ అర్థమూ లేని రంగు కదా అని దీన్ని పెట్టాను. ఇప్పుడు దీనంత అర్థమున్న రంగు ఇంకోటి కనిపించడం లేదు. పేరు పక్కన చివరి కబురు ఎప్పుడొచ్చిందో గంటా నిమిషాలూ ఉంటాయి. ఆ మూడింటి పక్కనా ఖాళీ. అంటే అర్ధరాత్రి బయల్దేరినప్పట్నించీ ఒక్కసారి కూడా రాలేదు, అంటే పెట్టెలు ఆర్పేసుకుని వెళ్లారు, ముగ్గురూ కలిసి, ఒకే కంచంలో తిన్నవాళ్లు కదా, ఒకే మాట మీద ఆర్పేసుకుని ఉంటారు. మాటిచ్చి ఆర్పేశాడు మా అయ్య. కోపం రావాలి నాకు, వస్తోంది కూడా, కానీ దాని వెనకాలే ఇంకొకటి నిలబడి ఉంది, దాని మొహం చూడ్డం ఇష్టం లేక నేను కోపాన్నే ముందుకు తోస్తున్నాను.

ఎందుకంటే తెల్లవారుజామున నాలుగూ నలభైకి ఈదురుగాలి లేచింది. నా గది కిటికీ రెక్క గోడకి కొట్టుకుంటే లేచాను, మామూలు గాలి కాదని నిద్రలోనే తెలిసింది, సముద్రం పక్కన పుట్టినవాళ్లకి పట్నంలో పడుకున్నా చెవులు పడుకోవు. అరగంట కొట్టి తగ్గిపోయింది. ఆరు బోట్లు భయపడి ఒడ్డుకి తిరిగొచ్చేశాయనీ, వాళ్లెవరికీ మనవాళ్లు కనపడలేదనీ నేను బస్సులో ఉండగానే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బస్సు కిటికీలోంచి చూస్తే ఏమీ జరగనట్టు ఎండ, రోడ్డు మీద విరిగిపడ్డ చెట్ల కొమ్మలు, ఎవరో స్కూటర్ మీద పనసకాయ కట్టుకుని పోతున్నాడు. పోయినేడు కార్తీకంలో కూడా ఇలాగే ఉంది ఎండ, ఎల్లాజీ మావయ్య ఇంజను చెడిపోయి రెండు రోజులు నీళ్ల మీద కొట్టుకుపోయినప్పుడు. పెట్టె ఉంది మావయ్య దగ్గర, పనిచేసే పెట్టే, కానీ ఆర్పేసి గోనెసంచిలో చుట్టి పెట్టాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియక అందరూ అన్ని దిక్కులా వెతికారు, ఆఖరికి ఒరిస్సా బోటువాళ్లు ఎవరో చూసి తాడేసి లాక్కొచ్చారు. ఆ రెండు రోజులూ అమ్మ పొయ్యి ముట్టించలేదు, మంచినీళ్లు తాగమన్నా గ్లాసు వైపు చూసేది కాదు. మావయ్య వచ్చాక పెదాలు పగిలిపోయి మాట రావడం లేదు, వచ్చిన మొదటి మాట ఏమిటంటే, "అమ్మీ, నీ పెట్టె ఆర్పడం నాదే తప్పుగాని, నాను ఆర్పడానికి తప్పు నీ ఆఫీసుదే."

నిజమే, తప్పు ఆఫీసుదే. బోట్ల కబుర్లు అందుకునే ప్రోగ్రాం ఒకటుంది, తెర మీద కనిపించదు, ఎవరూ నొక్కకుండానే రాత్రీ పగలూ వెనకాల తన పని తను చేసుకుపోతుంటుంది, మా భాషలో అలాంటివాటిని డీమన్ అంటాం. దానికి మెషీన్‌లో అన్ని గదుల్లోకీ దారి ఇచ్చేశారు మా ముందువాళ్లు, ఇంటి మనిషే కదా అని. ఎవడో బయటివాడు దాన్లో ఓ కన్నం కనిపెట్టి దాన్ని తన మాట వినేలా చేసుకున్నాడు, ఇక అది ఏ బోటు ఏ చోట వల వేస్తోందో వరసగా చదివి వాడికి అప్పజెప్పింది. వారం తిరక్కుండా ఆ చోట్లన్నీ ఒకరి ఫోన్లోంచి ఒకరి ఫోన్లోకి పాకిపోయాయి. మా తాత కనిపెట్టిన, నీళ్లడుగున చేపలు చేరే కోనేపల బండ దగ్గరికి ఎక్కడివో పెద్ద బోట్లు వచ్చి ఊడ్చుకుపోయాయి. వలేసే చోటంటే మా పేటలో మనిషి పరువు, ఒడ్డున కనిపించే కొండనీ లైట్‌హౌస్‌నీ ఏ వరసలోకి తెచ్చుకుంటే ఆ బండ వస్తుందో తాత అయ్యకి ఒక్కడికే చెప్పాడు, అయ్య అమ్మకి కూడా చెప్పలేదు. పెళ్లయి ముప్ఫై ఏళ్లయినా చెప్పని మాట నేను పనిచేసే మెషీన్ ఊరందరికీ చెప్పేసింది. మర్నాడు మా పేటవాళ్లు సగంమంది పెట్టెలు ఆర్పేశారు. అయ్య ఆఫీసుకొచ్చాడు. పెట్టె తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తిడితే బావుండేది.

అందుకే ఈ కాపలా ప్రోగ్రాం. ఆరు నెలలు కూర్చుని కట్టాను, దీని గురించి ఎవరడిగినా నేను మొదట బోటు మీద చెప్పుల సంగతే చెబుతాను. మా దగ్గర చెప్పులతో బోటు ఎక్కకూడదు, కూలికొచ్చినవాడైనా, కొనడానికొచ్చిన సావుకారైనా, ఆ బోటు యజమానైనా సరే, నా బోటు నా ఇష్టం అనడానికి లేదు, ఆ నియమం యజమాని కంటే పైన ఉంటుంది. ఈ కాపలా కూడా అంతే. మామూలుగా మెషీన్‌లో ఎవరి ఫైలుకి వాళ్లు యజమాని, కావాలంటే ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. కాపలా పెట్టాక అలా కుదరదు. ఏ ప్రోగ్రాం ఏ గదిలో ఏం చేయొచ్చో ముందే రాసి ఉంటుంది, రాయనిది ఏదైనా సరే జరగదు. డీమన్ బోట్ల చోట్లు రాయొచ్చు, రాసింది తిరిగి చదవకూడదు, కాబట్టి రేపు మళ్లీ ఎవడైనా దాన్ని లొంగదీసుకున్నా దాని దగ్గర చెప్పడానికేమీ ఉండదు. బోటువాడు ఆపదలో పెట్టె మీద ఎర్ర బటన్ నొక్కితేనే ఆ చోటు, గాలింపు చూసే కంట్రోల్ రూముకి తెరుచుకుంటుంది. ఈ మెషీన్‌కి సర్వాధికారిని నేను, నాకు కూడా పేరూ రంగూ టైమూ తప్ప చోటు కనపడదు, చూడాలంటే కాపలానే తీసెయ్యాలి. ఇదంతా అయ్యకి నిషేధం మొదటి వారంలో చెప్పాను, ఆయన వల అల్లుతూ కూర్చుని విన్నాడు.

"దొంగలు పడిన ఆర్నెల్లకి కుక్కలు మొరిగినాయంట," అన్నాడు.

"ఈసారి ఇంట్లో దొంగ ఉన్నా పట్టుకుంటాదయ్యా."

"ఇంటిదొంగని ఈశ్వరుడే పట్టనేడన్నారు, నువ్వు పట్టీస్తావేటి?" కాసేపు దారం పళ్లతో కొరికి, "నువ్వైనా సూడనేవా?" అన్నాడు.

"నానైనా సూడనేను."

"అలగైతే ముట్టించుకుంటాన్లే."

అదీ మాట. ఆయన ఒప్పుకుంటే మావయ్యా చిన్నాన్నా ఒప్పుకున్నారు, మూడు కొత్త పెట్టెలు వచ్చాయి. ఆ మాట తప్పి ఇప్పుడు ముగ్గురూ బూడిద రంగులో ఉన్నారు, నేను ఇలా కుర్చీలో ఉన్నాను, నిన్న అమ్మ కట్టి పంపిన దిబ్బరొట్టె డబ్బా మూత కూడా తీయలేదు.

ఫోన్. ఎనిమిదీ పద్దెనిమిది. జగన్నాధం గారు, మా ఆఫీసర్, రాజాం మనిషి, ఇవాళ చీపురుపల్లిలో చెల్లెలి మనవరాలి బారసాలకి వెళ్లారు, వెనక సన్నాయి మోగుతోంది.

"తులసమ్మా, మూడు బోట్లు కనపడ్డం నేదంట కదా, కంట్రోల్ రూమోళ్లు నాకు సేస్తన్నారు ఫోను. తొమ్మిదింటికి లెక్క ఇచ్చీయాల. నేదంటే వాళ్లు వెతకడానికి బయల్దేరిపోతారు."

"తెలుసు సార్."

"నీ కాపలా సూసుకున్నావా? కంచే సేను మేసినట్టు ఉంటాది ఒక్కోసారి. తీసి అవతల పెట్టమ్మా దాన్ని."

ఏది పనిచేయకపోయినా ముందు కాపలా తీసెయ్యమనడం మా వృత్తిలో అందరికీ ఉన్న అలవాటే, జగన్నాధం గారికి మరీను. మే నెలలో ప్రింటర్ ఆగిపోతే కాపలా వల్లే అన్నారు, చూస్తే కాగితం అయిపోయింది. మొన్నీమధ్య ఆయన పాస్‌వర్డ్ ఆయనే మర్చిపోయి అదీ కాపలా మీదికే తోశారు. అందుకే ఇప్పుడు కూడా నాకు చిరాకే వచ్చింది, సరే సార్ అని పెట్టేశాను. కాపలా వల్లయితే నలభై ఒక్కటీ బూడిదవ్వాలి గానీ మూడే ఎందుకవుతాయి, అదీ మావాళ్లవే ఎందుకవుతాయి. మూడు వారాలు పరీక్షించి మరీ బిగించాను. మొదట్లో కాపలాని ఏ పనీ అడ్డుకోకుండా చూస్తూ ఉండమని మాత్రమే పెట్టాను, డీమన్ రోజూ ఏ గదిలోకి వెళ్తోంది, ఏం ముట్టుకుంటోంది, అదంతా రాసుకోమన్నాను, అది రాసుకున్నవే దాని న్యాయమైన పనులు, అవి మాత్రం ఒప్పుకుని మిగతావన్నీ ఆపెయ్యమన్నాను. అలా నేర్పడానికి నిషేధం రోజులే మంచివనుకున్నాను, సముద్రం మీద ఎవరూ ఉండరు, పొరపాటు జరిగినా ఎవరికీ నష్టం లేదు, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా. మా టెక్నీషియన్ ఒడ్డు మీదున్న బోట్లన్నీ ఎక్కి ఒక్కో పెట్టే వెలిగించి చూశాడు, కబుర్లన్నీ చక్కగా వచ్చాయి, కాపలా అన్నీ రాసుకుంది. తప్పు ఎక్కడుంది. లేదు. తప్పు సముద్రంలో ఉంది, అయ్య మొండితనంలో ఉంది. కానీ వేళ్లు మాత్రం వాటంతటవే కాపలా తీసేసే మాట టైపు చేసేశాయి, ఒక్క మాటే అది, ఎంటర్ ఒక్కటి మిగిలింది. నొక్కితే పోయేదేముంది. మూడు ప్రాణాల ముందు వలేసే చోటు ఏపాటిది. నొక్కినా పెట్టె ఆరి ఉంటే పచ్చబడదు, ఆ ఒక్కటీ తెలుసుకోవాలంటే భయమేసి నొక్కడం లేదేమో నేను. నొక్కేవరకే కదా ఏదో ఒక ఆశ. ఆఫీసులో ఇంతమంది పనిచేస్తే ఈ ఆదివారం నాకే పడాలా, పడాల్సిందే, నేనే అడిగి వేయించుకున్నాను, అయ్య పేరు మొదటిసారి పచ్చబడ్డం చూద్దామని.

మళ్లీ ఫోన్. అమ్మ. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.

"ఒలే తులసీ, మీ అయ్య కబురేటైనా వచ్చిందేటే?"

"నేదమ్మా. పెట్టెలు ఆర్పీసుకుని ఎల్పోయినట్టున్నారు ముగ్గురూ."

"ఎవురే ఆర్పీసినోలు?" అమ్మ గొంతు ఒక్కసారి లేచింది. "గంగమ్మకి పసుపూ కుంకం ఎట్టి, కాయ కొట్టి, నా సేత్తో నానే ముట్టించినానే మూడిటినీ. పచ్చ దీపం ఎలిగింది, బోటు కనపడినంత దూరం సూసినాను. మీ అయ్య దాని మీద తువ్వాలు కూడా కప్పనియ్యనేదు, తడిసిపోతాదని లక్ష్ముడు కప్పబోతే ఒగ్గీరా, తులసి సెప్పింది అన్నాడు."

తులసి చెప్పింది అన్నాడు. నేను ఇందాకట్నించీ ఆయన్ని మనసులో ఎన్ని మాటలన్నానో. అమ్మ హలో హలో అంటోంది, పసుపూ కుంకం పెట్టి నా చేత్తో నేనే ముట్టించాను అంటోంది, ముట్టించాను, అప్పుడే ముట్టించాను, మొదటిసారి. మొదటిసారి. "అమ్మా, పెట్టీ, నాను సేస్తాను," అని పెట్టేశాను.

మే నెల ఆఖరి వారం, ఒడ్డు మీద ఇసక కాలిపోతోంది, టెక్నీషియన్ అయ్య బోటు ఎక్కబోతే అమ్మ అడ్డం నిలబడింది, గంగమ్మకి బొట్టు పెట్టకుండా బోటు మీద కొత్త సామాను ముట్టించకూడదు బాబూ, వేటకి దిగిన రోజే ముట్టించాలి అంది. కొత్త వలైనా, కొత్త ఇంజనైనా, లాంతరైనా మా వాళ్లకి అంతే. టెక్నీషియన్ నా మొహం చూశాడు. వదిలేయండి, మావాళ్లవి మూడూ జూన్ పదిహేనున వెలుగుతాయి అన్నది నేను. నవ్వుతూ అన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను. మిగతా ముప్ఫై ఎనిమిదీ పాత పెట్టెలు, వాటికి మెషీన్‌లో పాత ఫైళ్లున్నాయి, డీమన్ వాటి చివర ఇంకో వరస చేర్చింది, కాపలా అది చూసి రాసుకుంది. కొత్త పెట్టె మొదటి కబురు వచ్చినప్పుడు డీమన్ ముందు కొత్త ఫైలు తెరవాలి, ఆ మూడు వారాల్లో ఆ పని ఒక్కసారి కూడా చేయాల్సిన అవసరం దానికి రాలేదు, కాబట్టి కాపలాకి అది తెలియదు, తెలియనిది జరగనివ్వద్దని చెప్పింది నేనే. నిషేధం రోజుల్లో మా అయ్యని చూసినవాడెవడైనా ఆయన్ని ఏమనుకుంటాడు, మధ్యాహ్నం దాకా లేవడు, పేకముక్కల దగ్గర తగువు పెట్టుకుంటాడు, కూరలో ఉప్పు తక్కువైందని కోడిని కసురుతాడు. వేట రోజుల్లో ఆయన వేరే మనిషి, మాట తక్కువ, నిద్ర తక్కువ, చూపు నీళ్ల మీదే ఉంటుంది. వేట లేని రోజుల్లో మనిషిని చూసి వేట మనిషి సంగతి రాసుకోమంటే కాపలా మాత్రం ఏం చేస్తుంది. జాలరి కడుపున పుట్టి, ఇన్ని నిషేధాలు చూసి, ఇంత చిన్న సంగతి తోచలేదు నాకు. బయటివాళ్లయితే నిషేధం అనేదొకటుందనే గుర్తుండేది కాదు, ఏదో ఒక మామూలు నెలలో పరీక్ష పెట్టేవాళ్లు. నాకు తెలుసు కాబట్టే తప్పు చేశాను.

కాపలా తను ఆపిన ప్రతి పనీ రాసి పెడుతుంది. టైపు చేసిన మాట అలాగే ఉంచేసి ఆ చిట్టా తెరిచాను. ఉన్నాయి. వరసగా ఉన్నాయి. పన్నెండూ పదిహేను, డీమన్ కొత్త ఫైలు తెరవబోయింది, కుదరదు, ఫైలు పేరు అయ్య కొత్త పెట్టె నంబరు. వెంటనే మావయ్యది, కుదరదు. చిన్నాన్నది, కుదరదు. పన్నెండున్నర, కుదరదు, కుదరదు, కుదరదు. ముప్పావు. ఒంటిగంట. ప్రతి పావుగంటకీ ముగ్గురూ వచ్చి తలుపు తట్టారు, ప్రతిసారీ నా కాపలా పొమ్మంది, మళ్లీ వచ్చారు. మా అయ్య ఇంటికొచ్చినప్పుడు తలుపు తట్టడు, పిలవడు, గుమ్మం దగ్గర నిలబడి ఒక్కసారి దగ్గుతాడు, ఆ దగ్గు వింటే చాలు అమ్మ నిద్రలోంచే లేచి గడియ తీస్తుంది. రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు ఈ గుమ్మం దగ్గర. నాకు ఏడుపొచ్చింది, కుదరదు అన్న మాట చదివి ఇంత సంతోషించిన మనిషి ఇంకొకరు ఉండరు.

నాలుగున్నర ఉంది. నాలుగూ నలభైకి గాలి. కిందికి జరపాలంటే చెయ్యి ఒప్పుకోలేదు, ఒక్కో వరసే జరిపాను. ముప్పావుకి ముగ్గురూ ఉన్నారు. అయిదింటికి అయ్య ఉన్నాడు, చిన్నాన్న ఉన్నాడు, మావయ్య లేడు. అయిదుంపావుకి అయ్య, చిన్నాన్న. మావయ్య లేడు. మళ్లీ చదివాను, లేడు. పగిలిన పెదాలు గుర్తొచ్చాయి, గోనెసంచి గుర్తొచ్చింది, అమ్మ గ్లాసు వైపు చూడకపోవడం గుర్తొచ్చింది. అయిదున్నర. మావయ్య. ఉన్నాడు, కుదరదు పొమ్మంది కాపలా, ఉన్నాడు మావయ్య, ముప్పావుకీ ఉన్నాడు, ఆరింటికీ ఉన్నాడు, కెరటం మీద పెట్టె ఒరిగిపోయిందో, నీళ్లు కొట్టాయో, ఏదైతేనేం. ఎనిమిదింటికి ముగ్గురూ ఉన్నారు, ఎనిమిదుంపావుకి ముగ్గురూ ఉన్నారు. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చి వీపు మీద చన్నీళ్లు పోసినట్టయింది. గాలిలో అయ్య ఎర్ర బటన్ నొక్కి ఉంటే? అదీ కొత్త ఫైలే. దాన్నీ ఇలాగే పొమ్మనేది నా కాపలా, ఎవరికీ తెలిసేది కాదు, నేను కిటికీ రెక్క గడియ పెట్టుకుని మళ్లీ పడుకున్నాను కదా ఆ టైముకి. చిట్టా అంతా ఆ ఎర్ర బటన్ ఫైలు పేరు కోసం వెతికాను, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి. లేదు. ఎవరూ నొక్కలేదు. నొక్కకపోవడం వాళ్ల అదృష్టం, నా తెలివి కాదు. ఈ మాట రేపు ఆఫీసులో రాతపూర్వకంగా నేనే ఇస్తాను, అయ్యకీ నేనే చెబుతాను, తిడితే తిట్టనీ, ఈసారైనా తిట్టనీ.

ఎనిమిదీ ముప్ఫై. కళ్లెదురుగానే మూడు కొత్త వరసలు వచ్చి పడ్డాయి. కుదరదు, కుదరదు, కుదరదు. ఉండయ్యా, తీస్తున్నాను అని పైకే అన్నాను.

ఇక గాభరా లేదు. కాపలా తీసేసే మాట వెనక్కి చెరిపేశాను, ఒక్కో అక్షరం చెరుపుతుంటే వంగిన వీపు నిటారవుతున్నట్టుంది. వాళ్లు బతికి ఉన్నారని తెలియకపోతే ఆ ఎంటర్ నొక్కేదాన్నే, నొక్కాలి కూడా, అందులో నాకు సిగ్గు లేదు. తెలిసింది కాబట్టి పదిహేను నిమిషాలు టైముంది. రాయాల్సింది రెండే వరసలు. బోట్ల చోట్లు ఉండే గదిలో డీమన్ కొత్త ఫైలు తెరవొచ్చు, ఆ ఒక్క గదిలోనే, తెరిచింది తిరిగి చదవకూడదు. ఎర్ర బటన్ గదిలో కూడా తెరవొచ్చు. అంతే, ఇంకే గది జోలికీ పోకూడదు. రాసి, ఒకటికి రెండుసార్లు చదివి, పక్కనున్న పరీక్ష మెషీన్‌లో పెట్టి, లేని బోటు పేరుతో ఓ కబురు పంపాను, పచ్చబడింది. అదే లేని బోటు ఎర్ర బటన్ నొక్కినట్టు పంపాను, తెర మీద కంట్రోల్ రూము గంట మోగే కిటికీ తెరుచుకుంది. డీమన్ చేత దాని ఫైలు చదివించబోయాను, కుదరదంది. శెభాష్. ఎనిమిదీ నలభై రెండుకి అసలు మెషీన్‌లో ఎక్కించాను. చేయడానికి ఇంకేమీ లేదు, మూడు నిమిషాలు. డబ్బా మూత తీసి దిబ్బరొట్టె ముక్క తుంచాను, చల్లారిపోయింది, అడుగు మాడింది, ఈ మాడు కోసం నేనూ అయ్యా కొట్టుకునేవాళ్లం చిన్నప్పుడు. తుంచిన ముక్క చేతిలోనే ఉంది. నలభై నాలుగు. పేర్ల వైపు చూడకుండా గడియారం వైపు చూస్తున్నాను, అమ్మ గ్లాసు వైపు ఎందుకు చూడలేదో ఇప్పుడు తెలుస్తోంది.

నలభై అయిదు. అసిరయ్య, పచ్చ. లక్ష్ముడు, పచ్చ. ఎల్లాజీ, బూడిద. బూడిద. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పచ్చ. "ఒరే మావా," అన్నాను గట్టిగా, వయసులో అంత పెద్దవాణ్ణి, ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేవాడు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాను, దానంత రుచైనది నేనింతవరకూ తినలేదు.

కంట్రోల్ రూముకి లెక్క పంపాను, నలభై ఒకటికి నలభై ఒకటి. జగన్నాధం గారికి చేస్తే సన్నాయి ఆగిపోయింది, టిఫిన్ల దగ్గరున్నట్టున్నారు.

"కాపలా తీసీసినావా?"

"లేదు సార్, బాగుచేశాను. తప్పు దానిదే. అంటే నాదే."

"నాను సెప్పనేదేటి?" అన్నారు, ప్రింటర్ దగ్గర్నించీ పోగైన బాకీ అంతా ఆ ఒక్క మాటతో చెల్లిపోయినట్టు. "సరే, పిల్లకి పేరు పెట్టీసినాం, లడ్డూ తెస్తాన్లే నీకు."

తర్వాత అమ్మ. ఒక్క మోతకే ఎత్తింది.

"ఉన్నారమ్మా. ముగ్గురూ ఉన్నారు. ఇప్పుడే కబురొచ్చింది. తప్పు నాది, వాళ్లు రాత్రంతా పంపుతూనే ఉన్నారు."

తర్వాత ముక్కు చీదిన చప్పుడు, పక్కన ఎవరితోనో ఉన్నారంట, ఉన్నారంట అని చెప్పడం, పొయ్యి మీద ఏదో పెట్టిన గిన్నె చప్పుడు. పొయ్యి ముట్టించింది అమ్మ.

"ఎక్కడున్నారే?" అంది, ఏదో ఊరికే అడిగినట్టు. ముప్ఫై ఏళ్లుగా అడగని ప్రశ్న అది. నా ఎదురుగా అయ్య పేరు పచ్చగా ఉంది, దాని వెనక గదిలో ఆ కొండా ఆ లైట్‌హౌస్ ఏ వరసలో కలుస్తాయో అంకెల్లో రాసి ఉంది, ఒక్క మాట టైపు చేస్తే చాలు నేనూ చూడొచ్చు, అమ్మకీ చెప్పొచ్చు.

"నాకూ తెల్దమ్మా," అన్నాను.

అమ్మ నవ్వింది. "మీ అయ్య కూతురివే."